వాగు దాటుతున్న మనిషి

1984 అక్టోబరు, క్లీవ్‌లాండ్. డాక్టరుగారి కొత్త ఇంటి హాల్లో పెయింటింగ్ తగిలించి, భార్యాభర్తలు కారెక్కారు.

"ఆయన పదిసార్లు థ్యాంక్స్ చెప్పాడు. నువ్వు నవ్వను కూడా లేదు."

"మ్యూజియంలో ఉన్న మూడు వందల ఏళ్ల నాటి పల్లెటూరి బొమ్మని కాపీ చేసివ్వమన్నాడు. చేశాను. ఇద్దరు మనుషుల్ని మాత్రం మార్చాను."

"ఎవర్ని?"

"చెట్టు నీడన గొర్రెల కాపరి ఉన్నాడు కదా. అక్కడ మా నాన్నని కూర్చోబెట్టాను, కాలు మీద కాలేసుకుని."

"ఊళ్లో వాళ్లింట్లో పాతికేళ్లు పాలేరుగా చేసిన మనిషిని వాళ్ల హాల్లోనా! నువ్వెవరి కూతురివో కూడా ఆయనకి తెలీదు. సరే, రెండో మనిషి?"

"మా నాన్న ముందు నుంచి, చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటుతున్నాడే, ఆయన."

"చాలా నాచురల్‌గా ఉందని డాక్టరుగారు మెచ్చుకున్నది అతన్నే!"

"డాక్టరుగారి నాన్న. ఆయన వీధిలో మా నాన్న ఎప్పుడూ అలాగే నడవాలి. ఒక్కసారి మర్చిపోయి చెప్పులేసుకుని నడిచినందుకు స్తంభానికి కట్టేసి కొట్టించాడు."

"డాక్టరుగారి హాస్పిటల్లో నా జాబ్! గుర్తుపడితే?"

"చెప్పులు చేత్తో పట్టుకున్న తండ్రిని ఆయన ఊహించలేడు. వచ్చే నెల వాళ్లమ్మ ఆరు నెలలుండడానికి వస్తోంది. మొగుడి వంకర భుజాన్ని ఆవిడ చూడగానే పోల్చుకుంటుంది."

"కొడుక్కి చెప్పదా?"

"చెబితే, అందులో అవమానం ఏముందో కూడా చెప్పాలి. చెప్పదు. ఆరు నెలలూ ఆ బొమ్మ ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతుంది."