అట్ట మీది కాగితం

(బెళుగుప్ప పక్కన ఒక పల్లె. పొద్దు గూకి గంట దాటింది. ఇంటి ముందు అరుగు మీద నవల రాసిన జయచంద్ర, దాన్ని చదివి ఫోన్ చేసి పిలిపించిన పుష్పావతి.)

"కథ బాగుండాది సార్, కాదనను. నేను అడిగేది వేరే. మా తిప్పయ్య తాత సంగతి మీకెవరు చెప్పినారు?"

"ఊహించి రాసినానమ్మా. నవల కదా."

"ఊహించినారా? తెల్లోల్ల పటాలంలో చైనాకు పోయింది, అక్కడి జనం తిరగబడితే ఊర్లు కాల్చింది, కాలిన ఊర్లో సచ్చినోడొకడు లేసి ఆయప్ప మెడ కొరికింది. అంతా ఊహేనా?"

"అప్పుడు శానామంది సిపాయిలు పోయినారు. పుస్తకాల్లో ఉండాది."

"మెడ కొరికింది గూడా ఉండాదా?"

"కొంచెం నీళ్ళియ్యమ్మా."

"ఇస్తా. ముందు చెప్పండి. మెల్లిగా చెప్పండి, లోపల మా అమ్మ పండుకోనుండాది. పొద్దున్నుంచి జ్వరం, ఒకటే దగ్గు. ఇప్పుడే నిద్ర పట్టినట్లుండాది."

"ఒకామె చెప్పింది. తన పేరు చెప్పొద్దనింది."

"ఎవరామె?"

"చెప్పొద్దనింది కదమ్మా."

"ఈ మాట మా ఇల్లు దాటి పోలేదు సార్. ఈ నెలలో మావి పదకొండు గొర్రెలు సచ్చినాయి. మెడ మీద రెండు గాట్లు, ఒంట్లో సుక్క రక్తం లేదు. డాక్టరు తోడేలన్నాడు. తోడేలయితే మాంసం ముట్టకుండా పోతాదా?"

"నా నవలకూ మీ గొర్రెలకూ ఏం సంబంధం?"

"మీ పుస్తకం అట్ట మీద ఈ పసుప్పచ్చ కాగితం, ఈ ఎర్ర గీతలు. ఎవరు గీసినారు?"

"గీసింది కాదు. అసలుదే. ఫోటో తీయించినా."

"అసలుది యాడుండాది?"

"అచ్చాఫీసులో ఇచ్చినా. ఉందో పారేసినారో... అడుగుతా."

"పారేసినారా."

"ఏమమ్మా, కాగితం ముక్క కదా."

"సార్, ఆ గాటు మా రక్తంలోకి దిగింది. మా ఇంట్లో పెద్దోల్లు సచ్చినా పండుకోరు, లేస్తారు. తిప్పయ్య ఏడ్సి కాళ్ళు పట్టుకుంటే ఆ చైనా పూజారి ఇట్లాంటివే మూడు కాగితాలు రాసిచ్చినాడు. అది నొసట ఉంటే లేసినోల్లు తిరిగినా, మాట్లాడినా, కొరకరు. ఒగటి తిప్పయ్యకు పోయింది, ఒగటి ఆయప్ప కొడుక్కు. మూడోది మా అవ్వ మారెక్క నొసట నేనే అంటించినా. పోయినేడు పూడ్సినాము. ఇంగ కాగితాల్లేవు. సమాధి తవ్వినారా మీరు?"

"పూడ్సినారా? మారెక్కనా?"

"తవ్వినారా అని అడుగుతాండా."

"లేదు తల్లీ, ఒట్టు. మీ అవ్వకు... ఎడమ చెంప మీద పులిపిరి ఉన్నిందా?"

"మీకెట్ల తెలుసు?"

"కథ చెప్పింది ఆమే. దినామూ పొద్దు గూకినాక మా ఇంటి ముందర నిలబడి చెప్పేది. కూర్చోమంటే మోకాళ్ళు వంగవనేది. వాతమనుకున్నా."

"కాగితం?"

"నొసట ఉన్నింది. తాయెత్తు మాదిరి ఏదో అనుకున్నా. పోయిన నెల, 'కండ్లకు అడ్డమొస్తాంది నాయనా, నా చెయ్యి లేవదు, తీసిపెట్టు' అనింది. తీసినా."

"ఎంత పని చేసినారు సార్."

"నాకేం తెలుసమ్మా."

"గొర్రెలు పోతే పోనీ. మా అమ్మను కాపాడుకోవల్ల నేను. కాగితం లేనోల్లు కడాకు సొంత బిడ్డ కోసమే వస్తారు, అవ్వకు ఈమె ఒక్కతే బిడ్డ. ఈ గడప చూడండి, మోకాలెత్తు. తిప్పయ్య కట్టించినాడు. కాళ్ళు వంగనోల్లు దీన్ని దాటలేరు. అందుకే నెలనుంచి అమ్మను బయటికి రానీలేదు. రేపు పొద్దున్నే మీరు ఆ కాగితం తెండి. అంతవరకు అమ్మ లోపలుంటే చాలు."

"పుష్పావతీ."

"ఏంది సార్, అట్ల చూస్తారు?"

"నువ్వు గొర్రెలు తోలుకొచ్చేదానికంటే ముందే వచ్చినా నేను."

"అయితే?"

"ఈ గడప బయట మీ అవ్వ నిలబడి ఉన్నింది. ముసిలామె, కాళ్ళు లేవవు, బిడ్డను చూడల్లని ఒకటే ఏడుపు. నేనే ఎత్తి లోపల పెట్టినా. మంచం పక్కన నిలబెట్టమనింది. నిలబెట్టినా."