ఉర్మాస్ పెట్టని సంతకం

విడాకుల నమోదు రద్దు చెయ్యమంటుంటే, రిజిస్ట్రారువని నాకు చట్టం చదువుతావేంటి పిరెట్? కంప్యూటర్లో గుర్తింపు కార్డు పెట్టి రహస్య నంబరు కొడితే అది పెన్నుతో పెట్టిన సంతకంతో సమానం, అంతేగా? ఈ దేశంలో బడిపిల్లలకి కూడా తెలుసు. కానీ విడాకుల అర్జీ మీద మా ఆయన ఉర్మాస్ సంతకం ఆయనది కాదు తల్లీ. నేను పెట్టాను.

అలా చూడకు. మీ నాన్న కార్డు మీ ఇంట్లో ఎవరి దగ్గరుంటుందో చెప్పు ముందు. మరి? పదకొండేళ్ళుగా ఉర్మాస్ కార్డు నా కుట్టుపెట్టెలోనే ఉంది. పన్ను కాగితాలు, ఇంటి బీమా, చేపలు పట్టే పర్మిట్టు, అన్నిటి మీదా ఆయన పేరు, నా వేళ్ళు. సంతకం నంబరు ఎన్ని అంకెలో కూడా తెలీదు ఆ మహానుభావుడికి.

ఎందుకు చేశానా? మోకాలు కోయించుకుని టాలిన్ ఆసుపత్రి నుంచి వస్తే, కుయివస్తు రేవులో పడవ దిగి రెండు గంటలు చేతికర్రల మీద నిలబడ్డాను. తీసుకెళ్తానన్న మనిషి రాలేదు. బస్సెక్కి ఇల్లు చేరితే, గుమ్మంలో కూర్చుని చేపల పొలుసు తీస్తూ, "ఇవాళ బాగా పడ్డాయే" అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురం. ఒళ్ళు మండదా?

మర్నాడు వంటింట్లో కూర్చుని కంప్యూటర్ తెరిచాను. ఆయన సంతకం చిటికెలో పెట్టేశా, అలవాటైన పనేగా. నాది పెట్టడానికే మధ్యాహ్నమైంది.

అర్జీ అచ్చు తీసి ఆయన కాఫీ కప్పు కింద పెట్టాను. నమోదుకి నెల గడువుంది కదా, చూస్తాడు, అరుస్తాడు, అప్పుడు వెనక్కి తీసుకుందాం అనుకున్నా. రోజూ దాని మీదే కాఫీ తాగాడు. ఒక్క మాట లేదు. నాకు పంతం, నేనూ నోరు విప్పలేదు. సోమవారానికి గడువు దాటింది, మీరు నమోదు చేసి కూర్చున్నారు.

ఇప్పుడు రద్దు కావాలంటే కోర్టుకెళ్ళాలా? ఎవరి మీద వేయను, నా మీద నేనా? ఆయనకే ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు. నంబరులో ఎన్ని అంకెలో అడుగు, నీకే తెలుస్తుంది.

...

విన్నావుగా. "కాగితం చదివాను. సంతకం నాదే" అన్నాడు, పెట్టేశాడు. అబద్ధం! నువ్వు అంకెలు అడగనైనా లేదు.

ఏంటి? ఇంకొకరి కార్డు వాడితే నేరమా? కేసు నా మీదకి రాకుండా అలా అన్నాడంటావా? ఏమో. కాపాడాడో, ఇదే సందని వదిలించుకున్నాడో, నీకు తెలిస్తే నువ్వు చెప్పు. ముప్ఫై ఒక్కేళ్ళలో నాకైతే తెలీలేదు.

నాకు విడాకులు అక్కర్లేదమ్మాయ్. "ఎందుకు చేశావే మైరె" అని ఒక్కసారి అడుగుతాడని చేశాను. అంతే.

సరే, ఇలా ఇవ్వు ఆ విడాకుల కాగితం. ఇంకా ఎక్కడైనా సంతకం పెట్టాలా?