సులైమానీ పోయని దినం

ఏంది వాణీ, ఆ మూలకున్న పాత మిషిన్‌కు బట్ట ఎందుకు కప్పిన్రంటవా? కౌంటర్ కాడ కూసునేదానివి, నీకెట్ల తెలుస్తది. కూసో, చెప్త. నేను ఊరిడిసి ఈ అరబ్బు దేశమొచ్చి, ఈ బర్కా ల్యాబుల ఊడ్సుడు మొదలువెట్టినప్పుడు దాన్ని రిపేరు చేసేటోడు మన జగిత్యాల దిక్కు లింబాద్రన్న. సన్నగ పుల్లతీరుగుంటుండె, పాటలు మస్తు పాడేటోడు, గది వేరే ముచ్చట. రక్తంల మందు కలిపి సన్న గాజుడబ్బీల పోస్తరు, రంగు చూసి మిషిన్ లెక్క చెప్తది. ఆ డబ్బీ కదలకుండ పట్టుకునేది గోరంత స్ప్రింగు రేకు. బిగుతైతే గాజు పలుగుతది, వదులైతే డబ్బీ ఒరుగుతది, లెక్క తప్పుతది. అన్న చిమ్టతోని రేకును జరంత వంచి, డబ్బీల సులైమానీ, గదే పాలు లేని చాయ్, పోసి చూసేటోడు. "నీళ్లకు రంగేడిది పెద్దులూ, మిషిన్‌కు రంగు గావాలె" అని నాతోని అనేటోడు. తీసి పెట్టి, తీసి పెట్టి, లెక్క ఒక్కతీరుగ వస్తెనే అప్పజెప్పేది. మిగిలిన చాయ్ తాగేటోడు. డబ్బీలది గాదే, గ్లాసులది. నవ్వకు.

ఓ యేడు రోజాలల్ల రేకు వదులైంది. మిషిన్ నడిపే గులాం నబీ సాబు ఉపాసమున్నడు, పెదవులు ఎండిపోయినయ్. "ఉపాసమున్నోని ముంగట చాయ్ ఎట్ల పోస్తనే" అని లింబాద్రన్న నా చెవుల చెప్పి, రేకును వంచి ఉత్త వేలుతోని నొక్కి చూసి, అయిందన్నడు. తెల్లారి దేవయ్యొచ్చిండు, ఖర్జూరం తోటల పనిచేసేటోడు, అన్న ఊరోడే. కాళ్లు వాసినయ్. రక్తం చూసి కిడ్నీలు మంచిగున్నయని రిపోర్టిచ్చిన్రు. అర్బాబు, గదే తోట సేటు, డ్యూటీకి నడువన్నడు. పండుగ రాకముందే తోటల పడిపోయిండు. కిడ్నీలు ఎప్పుడో పోయినయన్నరు పెద్దదవాఖానల. ఇంటికి శవప్పెట్టెల పోయిండు. అన్న ఉరికొచ్చి చాయ్ పోసి చూస్తె ఒక్కో పారి ఒక్కో లెక్క. ఆ దినమే వదులున్నదా, తర్వాత అయిందా, ఎవలు చెప్తరు? గులాం నబీ సాబు గోడకు ఒరిగి, "అరే భాయ్, నన్నడిగితే చాయ్ నేనే పోసేటోన్ని గదా. చాయ్ చూస్తె రోజా పోతదా" అన్నడు. తిట్టినా బాగుండు. గా దినమే మిషిన్ బందువెట్టి బట్ట కప్పిన్రు.

అన్న ఎగ్జిట్ కొట్టిచ్చుకొని, వీసా రద్దు చేయించుకొని, ఊరికి పోయిండు. దేవయ్య భార్య సత్తవ్వకు ఉన్నదున్నట్టు చెప్తనని వాళ్లింటికి పోయిండట. ఆమె అన్నం పెట్టి, "అన్నా, ఆయన రోగం దాసుకొని పనిచేసిండా, ఎవలన్న సూపెట్టిన్రా" అనడిగిందట. ఈయన నోట్లకెల్లి గిదొచ్చింది: "సూపెట్టిన్రు చెల్లే. రిపోర్టు మంచిగనే వచ్చింది." ఆమె కండ్లు తుడుసుకొని, "గట్లనా. దిక్కులేనోని తీరుగ పోయిండేమోనని నిద్రలేకుండైంది నాకు" అని ఇంకింత అన్నం పెట్టిందట. తిన్నడట. నాకు ఫోన్ల చెప్పిండు, మళ్ల ఫోన్ చెయ్యలే. కొన్నొద్దులకు లింబాద్రన్న సుత మంచాన పడ్డడట. ఏం రోగమో తెల్వదు. పరీక్షకు రక్తం ఇయ్యనన్నడట, ఎవలు బతిమిలాడినా. గట్లనే పోయిండు.

నీ బస్సొచ్చినట్టుంది, సూడు.