లేవకూడని ఆరు గంటలు

బిష్కెక్‌లో ఒక గుండె జబ్బుల వార్డు. ఎర్కిన్‌కి తొడ మొదట్లోంచి సన్నని గొట్టం పంపి గుండెనాళం బాగుచేసి మూడు రోజులైంది. మంచం పక్కన భార్య బూరుల్.

"గిల్లు."

"గిల్లాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఎర్రగా కందింది కూడా."

"నాకేం తెలీలేదే! మోకాలి పైనేనా?"

"పైనే. సరే, కాలు నిటారుగా చాపండి చూద్దాం."

"చాపుతున్నానుగా."

"ఊఁ."

"చాపుతున్నానే! చూడు!"

"చూస్తూనే ఉన్నానండీ. కదల్లేదు."

"ఆ డాక్టరమ్మ పనే ఇదంతా. గుండె బాగుచేస్తానని కాలు తీసింది. నరం కోసేసింది."

"కోయలేదట. లోపల నెత్తురు గడ్డకట్టి నరాన్ని నొక్కేసిందట. నెలలు పట్టొచ్చన్నారు."

"అసలు తగ్గుతుందా అని అడిగావా?"

"అడిగాను."

"ఏమంది?"

"షోర్పా సూపు చల్లారిపోతోంది, తాగండి."

"బూరుల్! వచ్చే నెల మందని కొండమీదికి తోలాలి. ఈ కాలు రికాబులో నిలవకపోతే నన్ను మూటకట్టి గుర్రం మీద వేస్తావా?"

"చెప్పలేమంది. అంతే అంది."

"చూశావా! నాన్న ఇవాళ పెద్ద డాక్టరుకి ఫిర్యాదు రాసిస్తానన్నాడు. దాని ఉద్యోగం ఊడాలి."

"గొట్టం తీశాక ఆరు గంటలు కదలొద్దని ఆమె చెప్పింది కదా."

"నేను కదిలానా?"

"రెండో గంటలో మామయ్య వచ్చారు."

"అయితే? కన్నతండ్రి గుమ్మంలోకొస్తే పడుకునే చూడమంటావా? లేచి రెండు చేతులతో చెయ్యందుకున్నాను. ఒక్క నిమిషం!"

"నెత్తురు కారకుండా తొడమీద పెట్టిన ఇసుక సంచీ కింద పడింది. నేనే తీసి మళ్లీ పెట్టాను."

"అప్పుడే చెప్పొచ్చుగా, లేవొద్దని?"

"మామయ్య ఎదుటా?"

"ఎదుటైతేనేం?"

"పదహారేళ్లయింది మీ ఇంటికొచ్చి. ఆయన ముందు ఏనాడైనా గొంతెత్తానా? మాట నోటిదాకా వచ్చింది. మింగేసి టీ పోశాను."

"ఈ సంగతి నాన్నకి చెప్పకు. తట్టుకోలేడు."

"మరి ఆ డాక్టరమ్మ ఉద్యోగం?"

"చెప్పకన్నానా!"

"ష్... కర్ర చప్పుడు. మామయ్యే."

"చెయ్యివ్వు. లేపు నన్ను."

"వద్దండీ, మోకాలు ఒంగిపోతుంది. పడతారు."

"లేపవే! తలుపు తీస్తున్నాడు!"

"మామయ్యా, ఈయన లేవరు. మొన్న మీ కోసం లేచారు."