ఆరోగ్యమ్మ గారి మూడు పళ్లేలు

కన్నబిడ్డను ఎక్కడ పడుకోబెట్టానో మరిచిపోతానేమో! ఈ నాలుగు మాటలు రాస్తున్న అటెండరు రాజ్యశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం అదే. ఆ భయాన్ని పంచుకున్న ఏకైక వ్యక్తి, 1990 జూన్ 11న జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరి, పదకొండేళ్ల అనంతరం నందిగామకు విచ్చేసి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీమతి ఆరోగ్యమ్మ గారు.

అక్కడ ముక్త్యాల లారీ డ్రైవర్లకైనా, ఇక్కడ పత్తిచేల కూలీలకైనా వారు చెప్పింది ఒకటే: "ఇంట్లో మింగే మందులన్నీ సంచిలో వేసుకురండి." తెచ్చినవాటిని మూడు స్టీలు పళ్లేల్లోకి ఏరేవారు. పరీక్షల్లో పనిచేస్తాయని తేలినవి మొదటిదానిలో, ఇంకా తేలనివి రెండోదానిలో, ప్రకటనల్లో మాత్రమే పనిచేసేవి మూడోదానిలో. కొత్త పరిశోధన చదివి ఒక్కోసారి పళ్లెం మార్చేవారు కూడా. అంత చదివినవారు "ఇది నాకు తెలియదమ్మా" అనడం విని, తొమ్మిదితో బడి మానిన రాజ్యశ్రీ నోరు తెరుచుకుని నిలబడిపోయేది.

కాన్పయ్యాక రాజ్యశ్రీ తల మబ్బు పట్టింది. ఒకరోజు బిడ్డను ఆటో సీటు మీదే వదిలి దిగింది. డ్రైవరు కేకేస్తే గాని గుర్తు రాలేదు. ఎవరికీ చెప్పక, ఫోనులో చూసి జ్ఞాపకశక్తి క్యాప్సూళ్లు తెప్పించుకుంది. ఆరోగ్యమ్మ గారు ఆ సీసా పట్టేశారు.

"జింకో ఆకంట, మూడో పళ్లెం. చేపనూనె, రెండోది. బి12 మొదటిదే, కానీ ఒంట్లో తక్కువైనోళ్లకే. మరి నీ ఐరన్ మాత్రలేవే?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయండి."

"ఊళ్లో బాలింతలందరికీ 'మరవమాకమ్మా' అని చేతిలో పెట్టేదానివి, నీవి బియ్యానికి పెట్టావా? పురుగు పట్టకుండానా?"

"కడుపులో తిప్పుద్దండి మేడం."

"చాల్లే. పద, రక్తం ఇద్దువుగాని."

పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడున్నర. "ఐరన్ తక్కువైనోళ్లకి అది సరిచేస్తే బుర్ర తేలికపడుద్దని కొంత రుజువుంది. నీకు అదొక్కటే కారణమని చెప్పలేను, డాక్టరుగారు చూడాలి. రాత్రి ఎంతసేపు పడుకుంటున్నావే?" ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. ఐరన్ మాత్రలు మళ్లీ మొదలుపెట్టిన మూడు నెలలకు మబ్బు చాలావరకు వీడింది. భయం మాత్రం కొంత ఉంది.

ఇంతటి విదుషీమణి ఇకపైనా కొత్త సంగతులు చదువుతూ, మనుమలతో నవ్వుతూ, సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని సిబ్బంది అందరి ఆకాంక్ష.

చివరగా ఒక మనవి. మన ల్యాబు పరిమళ కాన్పయి గరికపాడులో పుట్టింట ఉంది. పదిరోజులుగా ఫోను ఎత్తడం లేదు. రాజ్యశ్రీ ఆదివారం వెళుతోంది. ఈలోగా అటు వెళ్లేవారెవరైనా, బిడ్డను ఎత్తుకునేముందు, పరిమళ ఎలా ఉందో ఒక్కసారి చూడండి.