ఎక్కిన ప్లగిన్

టీమంతా వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయాక ఆ అంతస్తులో మిగిలింది అతనొక్కడే. మధ్యాహ్నం, ఉద్యోగం మానేసిన పాత సీనియర్‌కి ఫోన్ చేశాడు.

“అక్కా, మీరు రాసిన ఇన్‌స్టాలర్ మొండికేసింది. అప్లికేషన్ తెరవగానే ప్లగిన్లు వాటంతటవే ఎక్కాలి కదా, ఎక్కలేదు.”

“ఫోల్డర్‌కి పర్మిషన్ ఉందా?”

“ఉంది.”

“అయితే వెర్షన్ నంబర్ చూడు. పాతదే ఉంటే కొత్తది వచ్చిందని దానికి తెలీదు.”

“అదే అక్కా. పాత నంబరే ఉంది, మార్చాను.”

“మారిస్తే ఎక్కాలే మరి.”

“ఎక్కింది.”

“ఎప్పుడు?”

“పొద్దున్నే.”

“మరి ఇప్పుడు ఫోనెందుకు చేశావురా?”

అతను ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

“ఎక్కిందని చెప్పుకోడానికి ఇక్కడ ఎవరూ లేరక్కా.”

ఫోన్‌లో అటువైపు నుంచి వినిపిస్తున్న టీవీ చప్పుడు ఆగిపోయింది.

“సరే, మొదట్నుంచీ చెప్పు. ముందు దేన్ని అనుమానించావు?”