ఆస్కాలె చేతి వత్తులు

గోందర్‌లో, మైనపు వత్తులు చేసే ఆస్కాలె ఇంట్లో కాఫీ మరుగుతోంది. చర్చి వాకిళ్ల దగ్గర మూడు దుకాణాలున్న తిరునేష్ వత్తుల కట్టలకు చుట్టడానికి కొత్తగా అచ్చు వేయించిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆస్కాలె వాటి వంక చూడకుండా బొగ్గులు కదుపుతోంది.

"సరే అన్నావా?"

"అన్నాగా."

"నేనింకా మొత్తం చెప్పనే లేదక్కా. నిన్ను ఒప్పించడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవన్నీ ఇప్పుడేం చేసుకోను?"

"దాచుకో తిరునేష్. ఇంకెవరి దగ్గరైనా పనికొస్తాయి."

"కట్ట మీద నీ పేరుండదు. విన్నావా? 'తిరునేష్ వారి మైనపు వత్తులు' అని ఉంటుంది. చేసేది నువ్వు, పేరు నా దుకాణానిది."

"చెవులు బాగానే ఉన్నాయి."

"మూడు దుకాణాల్లోనూ అంతే."

"ముప్పై పెట్టుకో. కాఫీ తాగు, చల్లారిపోతుంది."

"బుట్టలల్లే వోర్కె ఇదే మాటకు నన్ను గుమ్మం దాకా తరిమింది. నువ్వేమో మొదటి కప్పు పూర్తికాకుండానే పేరు తీసి చేతిలో పెడుతున్నావు. కనీసం ధర పెంచమనైనా అడగవే?"

"పెంచితే వద్దనను."

"అదీ అడిగినట్టు లేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి మరియమ్మ ఉపవాసాల నాటి నుంచి చర్చి లోపలికి రావట్లేదేం? ప్రహరీ బయటే నిలబడి వెళ్లిపోతున్నావట. మోకాళ్లేమో అనుకున్నాను."

"మోకాళ్లే."

"మోకాళ్లు నొప్పయితే మనిషి కూర్చుంటుందక్కా. నిలబడదు. బయట నిలబడేది..."

"ఈ బార్లీ తిను. ఇప్పుడే వేయించాను."

"బయట నిలబడేది లోపలికి రావడానికి మొహం చెల్లని వాళ్లు."

"నువ్వు వ్యాపారానికి వచ్చావా, విచారణకు వచ్చావా?"

"రెండూ ఒకే ఆటోలో వచ్చాయి. నీ పాపాలు వినే అయ్యగారు కూడా నిన్న నా దుకాణంలో నీ గురించే అడిగారు. రెండుసార్లు ఇంటికొస్తే తలుపు తీయలేదట."

"ఇంట్లో లేను."

"లోపల్నుంచి దగ్గు వినిపించిందన్నారు."

"పిల్లి."

"పిల్లి దగ్గిందా?"

"ముసలి పిల్లి."

"అక్కా, ఇటు చూడు. నీ పేరు ఊరికే వచ్చిందా? ఇద్దరు పిల్లల్నెత్తుకుని కాళ్లు పీకేలా నడిచి వచ్చేవాళ్లు కూడా 'ఆస్కాలె వత్తులే ఇవ్వు' అంటారు. మొన్న ఒకామె డెబ్రె తాబోర్ నుంచి వచ్చింది. కొడుక్కి జ్వరం తగ్గితే నీ చేతి వత్తులే వెలిగిస్తానని మొక్కుకుందట. దేవుడి పేరు, ఆ పక్కనే నీ పేరు."

"అలా చెప్పకు."

"ఉన్నమాటేగా. ఆ పిల్లాడు ఇప్పుడు..."

"చెప్పొద్దన్నానా."

"కాఫీ ఒలుకుతోంది, చూసుకో. ఏం చేస్తున్నావక్కా?"

"కలుపుతున్నాను."

"పంచదారా?"

"మైనంలో. కొవ్వొత్తుల ఫ్యాక్టరీ వాళ్లు వాడే తెల్లమైనం ఉంటుందే, అది. మూడొంతుల్లో ఒక వంతు."

"ఊరుకో."

"రెండేళ్లుగా ఊరుకునే ఉన్నాను."

"రెండేళ్లా?"

"తేనెసారా కొట్లలో కుండ పైన తేలే తేనెమైనమే కదా మనకు ఆధారం. దాన్ని పై ఊళ్ల వ్యాపారులు లారీల్లో ఎత్తుకుపోవడం మొదలెట్టారు. పండగ నెత్తిమీదికొచ్చింది. నీకూ, ఇంకో ముగ్గురికీ సరుకిస్తానని మాట ఇచ్చేశాను. ఒక్కసారికే అనుకున్నాను."

"ఒక్కసారికేనా?"

"ఆ ఒక్కసారి ఇంకా అవలేదు."

"దేవుడి ముందు వెలిగించేవక్కా. తేనెటీగ మైనం తప్ప అక్కడ ఇంకేదీ పనికిరాదని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు."

"తెలీక చేశాననుకుంటున్నావా? మా అమ్మ ఇదే అరుగు మీద కూర్చుని, వత్తి వేడి మైనంలో ముంచి అరచేతుల మధ్య దొర్లించేది. పని మొదలెట్టే ముందు నోరు కూడా పుక్కిలించేది. నేను ఫ్యాక్టరీ డబ్బా మూత తీసేటప్పుడు ఆ అరుగు వైపు వీపు పెట్టి కూర్చుంటాను."

"ఎవరూ పట్టుకోలేదా?"

"మెచ్చుకున్నారు. తెల్లగా ఉన్నాయన్నారు, చేతికి అంటుకోవట్లేదన్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఒకడుగు వెనక్కి జరిగాను. ముందు వరసలోంచి చివరికి, చివర్నుంచి ఆవరణలోకి, అక్కణ్నుంచి గోడ బయటికి. ఇంకెవరైనా మెచ్చుకుంటే ఊరు దాటిపోవాలి."

"అందుకా, పేరు తీసేస్తాననగానే ఎగిరి గంతేశావు."

"గంతెయ్యలేదు. మోకాళ్లు."

"నవ్వించకు. నాకు నవ్వొచ్చే సమయం కాదిది. నీ పేరు తప్పించుకుంటుంది, నా పేరు దాని మీదెక్కుతుంది. అంతేగా?"

"చెబుదామనే అనుకున్నాను. ఆ కాగితాలు చూశాక సరే అనేశాను."

"రెండు వేలు వేయించాను. నా పేరు, కింద చర్చి బొమ్మ."

"చూశాను. బొమ్మ బాగుంది."

"బాగుంటే ఏం చేసుకోను. చూడక్కా, నేను నీమీద అరిచి వెళ్లిపోవచ్చు. వోర్కె అయితే అదే చేసేది. ఇదిగో, ఈ కాగితాలు ఇలా పొయ్యి పక్కన పెడుతున్నాను, రేపు అంటించుకో. మైనం నేను తెప్పిస్తాను. ఎక్కడ్నించైనా సరే, ఎంతకైనా సరే. అచ్చమైన తేనెమైనం. నువ్వు ఒక్క చుక్క కలపకుండా చెయ్యి. కట్ట మీద నీ పేరే ఉంటుంది. రేపొద్దున అయ్యగారికి తలుపు తియ్యి, ఆ పిల్లి సంగతంతా చెప్పుకో. సరేనా?"

"అవి అమ్ముడుపోవు తిరునేష్."

"అచ్చమైనవి అమ్ముడుపోకపోవడమేంటి?"

"పోవు."

"ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నానక్కా. మైనం మంచిదో కాదో నా ముక్కుకి తెలీదా? నీ చేతి పని నా కంటికి తెలీదా?"

"చేసి చూశానమ్మా. మరియమ్మ ఉపవాసాల ముందు. నలభై కట్టలు, ఒక్క చుక్క కలపకుండా. మా అమ్మ చేసినట్టే నోరు పుక్కిలించి కూర్చున్నాను. గాడిదలు తోలే కుర్రాడెవరితోనో దుకాణానికి పంపాను. అవి అమ్ముడుపోతే మర్నాడే లోపలికెళ్లి నిలబడదామనుకున్నాను."

"ఎవరి దుకాణానికి పంపావు? ఏమన్నారు?"

"పచ్చగా ఉన్నాయి, సారా కొట్టు వాసనొస్తున్నాయి, ఎవరో దొంగముండ ఆస్కాలె పేరు చెప్పుకుని కల్తీ సరుకు అంటగడుతోందని, నలభైకి నలభై తిప్పి పంపావు."